పేరు మారని అనుమతి

నేను ఒక తాళంచెవిని. బొడ్లో దోపుకునే ఇనప చెవిని కాదు. కంప్యూటరుకు గుచ్చే, చిటికెన వేలంత నల్ల ముక్కని. గుండ్లేరు ఆనకట్ట మీది హెచ్చరిక గదిలో నా కాపురం. గేట్లు ఎత్తే ముందు దిగువ ఊళ్లలో సైరన్ కూయాలంటే నేనుండాలి. నాతోపాటు పుట్టినవాళ్లంతా ఏవో ఆఫీసుల్లో సంతకాలు పెట్టుకుంటూ సుఖంగా బతుకుతున్నారు. నాకు ప్రాణాలు కాసే పని పడింది. మొదట్లో అందుకు మురిసిపోయాను కూడా.

మా దగ్గర హెచ్చరిక రాసేది ఒకరు, వదిలేది మరొకరు. ఒక్కరి చేతిలోనే అంతా ఉంటే ఎవరో పొరపాటున నొక్కి ఊళ్లను పరుగులు పెట్టిస్తారని ఆ ఏర్పాటు. రాసే అనుమతి కాంట్రాక్టు ఆపరేటరు రూతమ్మది. వదిలే అనుమతి ఇంజనీరు శ్రీపతి గారిది. నన్ను గుచ్చి, తన రహస్య సంఖ్య కొడితేనే సైరన్ మోగుతుంది. ఆయన లేనప్పుడు వదలడానికి ఇంకో ఇంజనీరు, ఇంకో చెవి ఉండాలని కాగితం మీద ఉంది. ఆ పోస్టు ఏనాడూ నిండలేదు.

శ్రీపతి గారికి బదిలీ అయింది. వచ్చిన భీమశంకరం గారికి ఛార్జి అప్పగించారు. కుర్చీలు, ఫ్యాన్లు, విరిగిన స్టూలుతో సహా లెక్కపెట్టి సంతకాలు చేసుకున్నారు. నా అనుమతి ఎవరి పేరున ఉందో ఆ జాబితాలో లేదు. శ్రీపతి గారు తన సంఖ్యను దెబ్బలకు వేసే ప్లాస్టరు ముక్క మీద రాసి, నా వీపుకు అంటించి వెళ్లిపోయారు. ఆ తర్వాత పద్నాలుగు నెలలు భీమశంకరం గారు నొక్కిన ప్రతిసారీ నొక్కింది శ్రీపతి గారేనని కంప్యూటరు నమ్మింది. మనుషులు కుర్చీలకిచ్చే విలువలో వీసమెత్తు నాకిచ్చి ఉంటే ఈ కథ చెప్పుకునే గతి నాకు పట్టేది కాదు.

ఏప్రిల్‌లో హెడ్డాఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. ప్లాస్టరు చూసి నోరు వెళ్లబెట్టాడు. వెళ్లిపోయిన మనిషి పేరున అనుమతి ఉండడమేమిటని అక్కడికక్కడే రద్దు చేశాడు. అది తప్పని నేననను. తలుపు బార్లా తెరిచి ఉన్న ఇంటికి తాళం వేశాడు. లోపల మనిషి ఉన్నాడేమోనని మాత్రం చూడలేదు. కొత్త అనుమతికి దరఖాస్తు పెట్టుకోమన్నాడు.

"ఈలోపు నీళ్లొస్తే ఎట్టా సార్?" అని అడిగింది రూతమ్మ.

"ఏప్రిల్‌లో ఏరెక్కడ పొంగుద్దమ్మా? ఫైలు నడుస్తా ఉందిగా," అన్నారు భీమశంకరం గారు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం పైన కొండల్లో అకాల వాన కుండపోతగా కురిసింది. గేట్ల దగ్గర్నుంచి భీమశంకరం గారి ఫోను. "ఇంకో అరగంటలో ఎత్తకపోతే కట్ట తెగుద్ది రూతమ్మా. జీపులో మైకు పెట్టి పంపిస్తున్నా. పాత నంబరే ఓసారి కొట్టి చూడు."

ఆమె నన్ను గుచ్చింది. అనుమతి లేదన్నాను. తీసి మళ్లీ గుచ్చింది. లేదన్నాను. హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే దరఖాస్తు పరిశీలనలో ఉందన్నారు. అప్పుడిక ఆమె ఊరి పెద్దలకు ఒక్కొక్కరికే ఫోన్లు చేసింది. ఒడ్డున ఉన్నవాళ్లు బయటపడ్డారు. ఆమె అన్న ఏసోబు మాత్రం బాతుల మందతో ఏటి నడుమ ఇసుక దిబ్బ మీద ఉన్నాడు. జీపు మైకు అంత దూరం వినబడదు. అతని ఫోను మోగుతూనే ఉంది.

"ఎత్తన్నా... ఒక్కసారి ఎత్తన్నా," అంటూ ఆమె బల్ల మీద అరచేత్తో కొట్టింది. ఆ ఫోను ఒడ్డున విప్పిపెట్టిన చొక్కా జేబులో ఉందని తర్వాత తెలిసింది.

గేట్లు ఎత్తక తప్పలేదు. బాతులు చాలావరకు ఒడ్డెక్కాయి. ఏసోబు మూడో రోజు దొరికాడు.

విచారణ జరిగింది. "అనుమతి లేని ప్రయత్నాన్ని వ్యవస్థ సక్రమంగా అడ్డుకుంది" అని నివేదికలో రాశారు. నా జీవితంలో నేను పొందిన ఏకైక మెప్పు అదే. తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. రెండో చెవి వచ్చింది. బదిలీ అయిన రోజే పాత పేరు తీసి కొత్త పేరు ఎక్కించాలన్నారు. ఇంజనీరు రాసింది ఆపరేటరు, ఆపరేటరు రాసింది ఇంజనీరు వదలవచ్చన్నారు. నా వీపు మీది ప్లాస్టరు పీకి, నన్ను రూతమ్మ పేరున రాశారు. ఆమె సంతకం పెట్టింది.

మొన్న పరీక్ష పెట్టారు. భీమశంకరం గారు హెచ్చరిక రాసిపెట్టి, తానే ఏట్లోకి దిగి ఆ ఇసుక దిబ్బ మీద నిలబడి ఫోన్ చేశారు. రూతమ్మ నన్ను గుచ్చి సంఖ్య కొట్టింది. నేను ఔనన్నాను.

"ఇనబడతా ఉందా సార్?"

"ఇనబడడమేందమ్మా, చెవులు గింగిర్లెత్తిపోతన్నయ్!" అన్నారాయన సంబరంగా. ఎక్కడ నిలబడి ఆ మాట అన్నారో ఆ వెంటనే తోచినట్టుంది, ఫోను పెట్టేశారు.

సైరన్ ఆపాల్సింది రూతమ్మే. చాలాసేపు ఆపలేదు.