వేగిస గ్లాసు

పడుకోబోయే ముందు వేగిస గ్లాసు నిండా నీళ్ళు పోసి మూత పెట్టడం ఉదయశ్రీ పని. రాత్రంతా ఆ వేగిస చెట్టు చెక్క గ్లాసులో నానిన నీళ్ళు తెల్లారేసరికి టీ డికాషన్ రంగుకు తిరుగుతాయి. షుగరున్న మామగారు రామబ్రహ్మం వాటిని పరగడుపున తాగి, వెంటనే డాక్టరు రాసిన బిళ్ళ వేసుకుంటారు. గ్లాసు తెచ్చిన రోజే అత్తగారు నాగేశ్వరి కట్టడి చేసింది. "చెట్టు మందు బయటికి చెప్పకూడదమ్మా, గుణం పోతుంది. డాక్టరుకి అసలే చెప్పకు."

ఆ నెలలోనే ఆయన రెండుసార్లు చెమటలు పట్టి కూలబడ్డారు. రెండుసార్లూ తప్పు ఉదయశ్రీదే, టిఫిను ఆలస్యమైందట! అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా? ఐదింటికి లేచి పచ్చడి నూరి, బాక్సులు కట్టి, రాయదుర్గం ఆఫీసు కాల్ చెవిలో మోగుతుండగానే ఇడ్లీ పళ్ళెం ఆయన ముందు పెట్టిందామె. "పెద్దాయన్ని ఆకలితో మాడ్చి మీటింగులేంటి?" అన్నాడు భర్త వెంకట్, తాగిన కాఫీ కప్పు ఆమె చేతికే ఇస్తూ. ఒళ్ళు మండిపోయింది. కానీ కోపం కన్నా భయమే నిద్ర పట్టనివ్వడం లేదు. బిళ్ళా షుగరు దించేదే, ఆ నీళ్ళూ అందుకే. తన చేత్తో పోసిన నీళ్ళే ఆయన్ని పడగొడుతున్నాయా? ఈసారి పడితే లేవకపోతే?

మూడోసారి బాత్రూం గుమ్మంలో పడ్డారు. తెల్లాపూర్ నుంచి ఆసుపత్రికి చేరేదాకా ఆమె ఆయన చెమట తుడుస్తూనే ఉంది. ఆయన తేరుకున్నాక డాక్టరమ్మ అడిగింది. "బిళ్ళలు కాక ఇంకేమైనా వాడుతున్నారా?"

నాగేశ్వరి గోడకేసి చూసింది. మామగారు దుప్పటి సర్దుకున్నారు. వెంకట్ మాత్రం, "మా ఇంట్లో టిఫిను టైముకి ఉండదండీ" అన్నాడు.

"ఉంటుంది." ఉదయశ్రీ డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఎనిమిదింటికల్లా పెడతాను. ఆరింటికే మామయ్యగారు వేగిస గ్లాసులో నీళ్ళు తాగి బిళ్ళ వేసుకుంటారు. నెల రోజులుగా. రాత్రిళ్ళు ఆ నీళ్ళు పోసేది నేనే."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "రెండూ కలిసి షుగరు దించేస్తుంటే పడిపోక ఏం చేస్తారమ్మా? గ్లాసు ఆపేయండి. బిళ్ళ టిఫినుతోనే వేయండి."

బయట వరండాలోకి రాగానే నాగేశ్వరి కోడలి మోచెయ్యి పట్టుకుంది. "చెబితే గుణం పోతుందని నీకు చెప్పానా, లేదా?"

"చెప్పారు అత్తయ్యా. పోవాలనే చెప్పాను."