పోయినసారి లెక్కనే

“కుక్కర్ బొమ్మ కోసం మూడు పేజీలా? గంత సోంచాయించి వండితే ఇంట్ల పప్పెందుకు మాడుతది?” అన్నాడు నా భర్త భూషణం. ఉప్పల్‌లోని మా వంటింట్లో నేను ఆయన టిఫిన్‌బాక్సు సర్దుతుంటే, బల్ల మీది కాగితాలను రెండు వేళ్లతో ఎత్తి చూసి, వాటి మీదే టీ గ్లాసు పెట్టాడు. తడి వలయం పడిన పేజీని మళ్లీ రాశాను. ముప్పై ఏళ్లుగా ఆయన పరిహాసాలకు నవ్వడం కూడా నా వంటపనిలో భాగమే. ఆ రోజు నవ్వలేదు. ఆయన గమనించలేదు.

నాచారంలో ఒక వంటపాత్రల కంపెనీలో నాది సూచనపత్రాలు రాసే ఉద్యోగం. ఇంకా అమ్మకానికి రాని వస్తువును కంప్యూటర్‌లో అచ్చం ఫొటోలా రూపొందించే బృందం వేరే ఉంటుంది. వాళ్లు ఆ వస్తువును ఒక్కసారైనా ముట్టుకోరు. వాళ్లకు తెలిసేదల్లా మేము రాసి పంపినదే. స్టీలు అద్దంలా మెరవాలా, సన్నని గీతలతో మసకగా ఉండాలా. పిడి ఎటు తిరగాలి. వెలుగు ఎటునుంచి పడాలి, నీడ ఎక్కడ ఆగాలి. ఏ అతుకు కనిపించకూడదు. నేను షెడ్డులోకి వెళ్లి, శాంపిల్‌ను చేతుల్లోకి తీసుకుని, కొలిచి, డ్రాయింగులలో చివరగా ఖరారైనది ఏదో నిర్ధారించుకుని రాస్తాను. ‘తయారు చేసినవారు’ అన్నచోట మాత్రం ఐదేళ్లుగా మేనేజర్ హృషికేశ్ పేరుంటోంది.

ఈ వేసవిలో విభాగాధిపతి పదవి ఖాళీ అయింది. హృషికేశ్ దరఖాస్తు పెట్టాడు. నేనూ పెట్టాను. అందరి ముందూ నవ్వాడు. “గీ వయసుల మీకెందుకు నీరజమ్మా గీ ఫికరంత? నేను చెప్తుంటే టైపు కొడుతున్నరు, సాలదా?”

ఆ మాటను ఆదేశంగా స్వీకరించాను.

ఆ తర్వాత ఇంకో కొత్త కుక్కర్ వచ్చింది. పాతదానికి మూత పైన కూర్చుంటుంది. దీనికి లోపలికి దూరి, కిందినుంచి బిగుసుకుంటుంది. హృషికేశ్ శాంపిల్ వైపు చూడకుండానే చెప్పాడు: “మంచిగ, రిచ్‌గ కనిపియ్యాలె. మిగిలినదంత పోయినసారి లెక్కనే.” అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాను. రెండు వాక్యాలు, కింద ఆయన పేరు. జతచేయమన్నది గిన్నె డ్రాయింగ్ ఒక్కటే. అదొక్కటే జతచేశాను.

మర్నాడు చిత్రాల బృందం నుంచి దుర్గేష్ ఫోన్ చేశాడు. “మేడమ్, గిదేంది? మూత సంగతే లేదు. మీరు రాసినట్టు లేదు.”

“రాసినవారి పేరు కింద ఉంది బాబూ. ఆయన్నే అడగండి. వాట్సాప్‌లో అడగండి, జవాబు మీ దగ్గర ఉంటుంది.”

జవాబు రెండు నిమిషాల్లో వచ్చిందట: ‘చెప్పిన గద, పోయినసారి లెక్కనే.’

డీలర్ల సమావేశంలో తెర మీద కుక్కర్ నిగనిగలాడింది. కొత్త గిన్నె, పాత మూత. వరంగల్ నుంచి వచ్చిన సత్తమ్మ, ముప్పై ఏళ్లుగా పాత్రల దుకాణం నడిపే మనిషి, ముందు వరుసలోనే పకపకా నవ్వింది. “గా మూత గా గిన్నెకెట్ల పడుతది సారూ? ఆవిరంత మీ కంపెనీలకే పోతది!”

యజమాని బాలరాజు ముఖం ఎర్రబడింది. హృషికేశ్ నా వైపు తిరిగాడు. “ఏం టైపు చేసిన్రమ్మా?”

“మీరు చెప్పినది సార్.” ఆ రెండు వాక్యాల ప్రతిని యజమాని ముందు పెట్టాను. దాని పక్కనే హృషికేశ్ ఇచ్చిన వాట్సాప్ జవాబు, దుర్గేష్ నాకు పంపినది. దాని పక్కన ఐదేళ్ల సూచనపత్రాలకు నా చేతిరాతలో ఉన్న చిత్తుప్రతులు, ఒక్కొక్క దానిపై తేదీతో సహా. ఆ గదిలో నేను గొంతు పెంచలేదు, అవసరం రాలేదు.

వారం తిరగకముందే పదవి నాకు వచ్చింది. భూషణం, “అయితె ఇగ వంటెవరు చేస్తరు?” అన్నాడు. ఇంట్లో ఉన్న మా కంపెనీ కుక్కర్‌తో వచ్చిన వాడకపు పుస్తకం ఆయన చేతికిచ్చాను. అది నేను రాసినదే, బొమ్మలతో సహా.

ఇప్పుడు హృషికేశ్ షెడ్డులో ప్రతి శాంపిల్‌నూ తానే కొలిచి, చిత్తుప్రతి రాసి, నా బల్ల ముందు నిలబడి చదువుతాడు. మొదటిది నాలుగుసార్లు తిప్పి పంపాను. మూడుసార్లు తప్పులున్నాయి. నాలుగోసారి ఏ తప్పూ లేదు.

నా ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్ల నాలుగు నెలలు ఉన్నాయి. అంతవరకు ఒక్క రోజు కూడా సెలవు పెట్టకూడదని నిర్ణయించుకున్నాను.