చౌడు తగిలిన గుడ్డ

ఆ ఉదయం నల్లమల మీది నుంచి మబ్బులు దిగివచ్చి ఊరి మీద కదలకుండా నిలబడ్డాయి. చినుకు రాలలేదు, ఆకు కదల్లేదు. పొద్దు పొడవాల్సిన చోట ఎర్రటి గీత ఒకటి కాసేపు కనిపించి, అదీ మబ్బు కిందికి పోయింది. అలాంటి వెలుతురులో తెల్లవి మరీ తెల్లగా, నల్లవి మరీ నల్లగా కనిపిస్తాయి. మగ్దలీనమ్మ దండెం మీద ఆరేసిన మనవడి గుడ్డలు వీధి చివరిదాకా కనిపిస్తున్నాయి.

అవి నల్లగా ఉన్నాయి. బిడ్డ తడిపినప్పుడు గుడ్డ మామూలుగానే ఉంటుంది. కాసేపు గాలికి పడి ఉంటే చెరువు నీటి రంగులోకి తిరుగుతుంది. చౌడు నీళ్లలో నానేస్తే, మురికి వదలాల్సింది పోయి, కాటుక పూసినట్టు నల్లబడుతుంది. ఊరి చాకలి క్రైస్తవుల పల్లె గుడ్డలు ముట్టడు. ఎవరివి వాళ్లు చవుట నేలలో చౌడు తవ్వి తెచ్చుకుని ఉతుక్కోవాల్సిందే. నలుపు వదల్లేదని మగ్దలీనమ్మ ఇంకో దోసెడు చౌడు వేసింది. గుడ్డ ఇంకా నల్లబడింది.

పక్కింటి జ్ఞానమ్మ కడవతో పోతూ దండెం దగ్గర ఆగింది.

"ఏంది వదినా, మనవడికి పాలు పోస్తుండారా, సిరా పోస్తుండారా? బడికి పోకుండానే పలక మీద దిద్దేటట్టుండాడే!"

"నీ నోటికి తాళం లేదా మే?"

"నవ్వులాటకన్నాలే." జ్ఞానమ్మ కడవ చంక మార్చుకుని గొంతు తగ్గించింది. "కోడలేం తింటాందో కనుక్కో. పసిబిడ్డ కడుపులో నలుపు ఊరికే రాదు. ఎవురో మందు పెట్టినారని అంటుండారు."

"ఎవురనేది?"

"ఎవురని చెప్పేది? అందరూను."

ఆ మాట ఇంట్లోనే పుట్టిందని మగ్దలీనమ్మకు తెలుసు. పెద్దకొడుకు వరప్రసాదం పెళ్లాంతో మాట్లాడడం మానేశాడు. ఆమె వండింది తినడం లేదు. కోడలు యేసుమణి పరాయిది కాదు, మగ్దలీనమ్మ తమ్ముడు పోలయ్య పెద్ద కూతురే. పోలయ్య రెండో కూతురు ప్రేమకుమారిని చిన్నకొడుకు మోషేకి అనుకున్నారు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని గుడిలో పెండ్లి ప్రకటన రెండు ఆదివారాలు చదివారు. మూడోది, ఆఖరుది మిగిలింది.

దండెం మీది గుడ్డలు లాగి చుట్టచుట్టి ఆమె లోపలికి వచ్చింది. యేసుమణి బిడ్డను ఒళ్లో వేసుకుని గోడకు ఆనుకుని ఉంది.

"నేనేం పెట్టలేదత్తా," అంది అడగకముందే. "నా బిడ్డకు నేనేం పెడతాను?"

"లెయ్యి. ఆసుపత్రికి పోదాం."

మిషను ఆసుపత్రిలో చెన్నపట్నంలో చదివి వచ్చిన డాక్టరమ్మ ఉంది. కోస్తా మనిషి. గుడ్డలు విప్పి చూసి మొహం చిట్లించలేదు. వాసన చూసింది, వెలుతురుకు పట్టి చూసింది. బిడ్డ మూత్రం గాజు గొట్టంలో పట్టించి, ఏదో సీసాలోంచి నీళ్లలాంటి చుక్కలు కొన్ని అందులో వేసింది. మగ్దలీనమ్మ చూస్తుండగానే పై అంచున నలుపు పుట్టింది. పుట్టి, మెల్లగా, తొందర లేని మనిషి మెట్లు దిగినట్టు కిందికి దిగడం మొదలుపెట్టింది.

"ఇది విషం కాదు పెద్దమ్మా," అంది డాక్టరమ్మ. "తల్లి పాలలో తప్పేం లేదు. మీ చౌడులో ఉండే క్షారం లాంటిదే ఈ సీసాలోనూ ఉంది. అది తగిలితే నల్లబడే సరుకు బిడ్డ మూత్రంలో వస్తోంది. నువ్వెంత ఉతికితే అంత నలుపు."

యేసుమణి బిడ్డ తలను బుగ్గకు ఆనించుకుని కళ్లు మూసుకుంది.

"ఆ సరుకు యాడిది అమ్మగారూ?"

"తిండిదే. బావి తవ్వేటప్పుడు చూశావుగా, మట్టి తట్ట ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి పైదాకా పోతుంది. మనం తిన్న పప్పూ పాలూ మాంసం కూడా ఒంట్లో అలాగే చేయి మారుతూ, ఒక్కో చేతి దగ్గర కాస్త కాస్త విరుగుతూ పోతాయి. అందులో టైరోసిన్ అని ఒకటుంది. దాన్ని విరిచే వరసలో నడిమి మనిషి ఒకడు ఈ బిడ్డకు పుట్టుకతోనే లేడు. తట్టలు అక్కడే పోగుపడుతున్నాయి. ఒలికినంత మూత్రంలోకి ఒలుకుతోంది."

"ఒలకనిది?"

డాక్టరమ్మ గొట్టం తీసి కిటికీలో పెట్టింది. నలుపు సగం దాకా వచ్చింది.

"లోపలే ఉంటుంది. బిడ్డకు ఇప్పుడేం కాదు. ఆడతాడు, పెరుగుతాడు, పని చేస్తాడు. నలభై దాటాక తెలుస్తుంది. ఆ నలుపు మెత్తటి ఎముకల్లోకి దిగుతుంది. వెన్ను బిగుసుకుపోతుంది. చెవులు నీలంగా మారతాయి. కంట్లో తెల్లగుడ్డు మీద మచ్చలు పడతాయి. మందు లేదు." ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "బిడ్డ తల్లీ తండ్రీ దగ్గరివాళ్లా?"

"మేనరికం. ఇది నా తమ్ముని కూతురు."

"మీ ఇంట్లో అలాంటి మనిషి ఎవరైనా ఉన్నారా?"

"నా తమ్మునికి చెవులు నల్లగా ఉంటాయి. అది పలకల దుమ్మమ్మా. మార్కాపురం పక్కన గనిలో పలకలు చీలుస్తాడు. నడుము పోయింది కూడా ఆ పనితోనే."

"గనిలో మిగతావాళ్ల చెవులూ అలాగే ఉన్నాయా?"

గనిలో మిగతావాళ్లను ఆమె ఎరుగును. అందరూ దగ్గుతారు. అందరి గోళ్లల్లో బూడిద రంగు ఉంటుంది, కడిగితే పోతుంది. చెవులు మాత్రం ఎవరివీ నల్లగా లేవు.

అప్పుడు ఆమెకు అమ్మ గుర్తొచ్చింది. పోలయ్య చంటివాడిగా ఉన్నప్పుడు వాడి గుడ్డలను అమ్మ బయట ఆరేసేది కాదు. ఇంట్లో పొయ్యి పైన తాడు కట్టి, పొగలో ఆరేసేది. వాణ్ణి చంకన మోసేది అక్క మగ్దలీనమ్మే. పావడా నడుము దగ్గర నల్లటి మరక ఎప్పుడూ ఉండేది. "ఎవురికన్నా చెప్తివా, నాలిక కాలుస్తా," అని అమ్మ అట్లకాడ చూపించేది. అప్పటికి పోలయ్య గని మొహం కూడా చూడలేదు.

"లోటు తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉంటుంది," అంటోంది డాక్టరమ్మ. "ఒక్కరిలో ఉంటే బయటికి రాదు. ఒకే రక్తం నుంచి ఇద్దరూ వచ్చి కలిస్తే, అక్కడ పైకి రావచ్చు."

"ఆ ఇంటి పిల్లనే ఈ ఇంటికి ఇంకొకదాన్ని తెస్తే?"

"రావచ్చు, రాకపోనూవచ్చు. నన్నడిగితే తేవద్దంటాను."

యేసుమణిని బిడ్డతో బండెక్కించి ఇంటికి పంపి మగ్దలీనమ్మ గిద్దలూరులో రైలెక్కింది. మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి గనుల వైపు నడిచింది. మబ్బు ఇంకా విడవలేదు. దారి పొడుగునా పలకల పెంకు కాలి కింద పటపటమంటోంది.

పోలయ్య వాకిట్లో చౌకి మీద కూర్చుని ఉన్నాడు. అలికిడికి తల తిప్పలేదు, తిప్పలేడు. చౌకితో సహా మొత్తం మనిషి తిరిగాడు. బాప్తిస్మంలో ఏదో పేరు పెట్టారు గానీ ఆ పేరుతో అతన్ని పిలిచినవాళ్లు లేరు.

"రాక్కా! పెండ్లి పనులు ఎగ్గొట్టి ఇట్లొచ్చినావేంది? మీ మోషేగాడు పారిపోయినాడా?"

"వాడు యాడికీ పోలేదు."

"మరి మొగమేంది అట్లుండాది? కుమారీ, అత్తకు నీళ్లియ్యి!"

ప్రేమకుమారి నీళ్లు తెచ్చింది. తల్లి పోయినప్పటి నుంచి ఇల్లు ఆ పిల్లదే. అత్తను చూసి నవ్వి, పెళ్లికూతురి సిగ్గుతో లోపలికి పోయింది.

మగ్దలీనమ్మ చెంబు పట్టుకుని తమ్ముణ్ణి చూసింది. చిన్నప్పటి నుంచి చూస్తున్న మొహమే. చెవి దొప్పలు నానిన పలక రంగులో ఉన్నాయి. నల్లగుడ్డుకు రెండు పక్కలా తెల్లగుడ్డు మీద మసి మరకలున్నాయి. బనియను చంకల్లో చెమట నల్లగా ఆరింది. ఇన్నేళ్లూ దాన్ని గని చెమట అనే అనుకుంది.

"పోలిగా, నీ చంటిగుడ్డలు అమ్మ యాడ ఆరేసేదో తెలుసా?"

అతని మొహంలో నవ్వు ఆగిపోయింది.

"తెలుసు," అన్నాడు. "ఇప్పటికీ నావి నేనే ఉతుక్కుంటా. ఎందుకడుగుతుండావు?"

ఆమె చెప్పింది. దండెం సంగతి, గాజు గొట్టం సంగతి, తట్టల వరస సంగతి, అన్నీ చెప్పింది.

"ఆదివారం పొద్దున్నే పోయి ప్రకటన ఆపిస్తా," అంది చివరికి.

"వస్తాదని చెప్పిందా ఆమె?"

"రావచ్చు, రాకపోవచ్చునంది."

"ఇంకేంది మరి! రాకపోవచ్చు గదా!"

"వస్తే?"

"వస్తే నా మాదిరి బతుకుతాడు." అతని గొంతు పెరిగింది. "నేను బతకలేదా? పెండ్లాన్ని సాకలేదా? ఇద్దరు బిడ్డల్ని కనలేదా? నాకేం తక్కువైంది, చెప్పు!"

తను చంకనేసుకుని పెంచిన మనిషితో, నువ్వు పుట్టకుండా ఉండాల్సిందని ఆమె ఎలా చెప్పాలి?

పోలయ్య లేచి నిలబడాలనుకున్నాడు. ఒక చేయి గోడకు, ఒక చేయి గుంజకు వేశాడు. ముందు మోకాళ్లు కదిలాయి. కాసేపు అలాగే ఆగాడు. నడుము వంగలేదు, నిలవలేదు. పళ్ల సందుల్లోంచి గాలి పీల్చుకుంటూ, కొయ్య దుంగను లేపినట్టు తనను తాను లేపుకున్నాడు. మగ్దలీనమ్మ చేయి సాచబోయింది.

"పట్టుకోవద్దు."

నిలబడ్డాడు. ఊపిరి చాలడం లేదు. అక్క పక్కనే ఉంది, ఆమె వైపు తల తిప్పలేక ఎదుటి గోడతో మాట్లాడాడు.

"ప్రకటన ఆగినాక కుమారినెవురు చేసుకుంటారక్కా? నల్లగుడ్డల ఇంటి పిల్ల అంటారు."

"మోషే వద్దన్నాడని చెప్తా. మాట పోతే మాది పోనీ."

"యేసుమణి మాటేంది? మొగుడు దాన్ని నా గడపలోకి తోస్తే?"

"వరప్రసాదానికి ఉన్నదున్నట్టు చెప్తా. ఆ లోటు నా పుట్టింటి నుంచి, నాలోంచి గూడా వచ్చిందని చెప్తా. నీ బిడ్డ మీద నింద ఉంచను."

"ఇంట్లో చెప్పింది వీధిలోకి రాదా?"

"వస్తాదేమో."

"వస్తాది." పోలయ్య గుంజ మీద నుదురు ఆనించబోయాడు, మెడ వంగలేదు. "ప్రకటన ఆపితే నా గడప తొక్కొద్దు. తోడబుట్టినదానివని చూడను."

"సరే."

ఆ మాట అంత తొందరగా వస్తుందని అతను అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు.

ప్రేమకుమారి ఎప్పుడు వచ్చిందో, ద్వారబంధం దగ్గర నిలబడి ఉంది. చేతిలో తెడ్డు ఉంది. మొహంలో ఇందాకటి సిగ్గు లేదు.

"మోషే బావ మీద నెట్టేదెందుకత్తా? నేనే వద్దన్నానని పాదిరిగారికి చెప్పు."

"నువ్వు లోపలికి పో!" అని అరిచాడు పోలయ్య.

ఆ పిల్ల లోపలికి పోయింది. లోపల కుండ మూత తీసిన చప్పుడైంది, సంగటి గెలికిన చప్పుడైంది. కాసేపటికి పిల్ల తినే తట్టలు మూడు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. జొన్న సంగటి, గోంగూర పచ్చడి. ఒక తట్ట అత్త ముందు పెట్టింది. బోర్లించిన గంప ఒకటి తెచ్చి, దాని మీద రెండోది పెట్టింది. కింద పెడితే నాయన చేయి తట్టదాకా పోదు. గుంజ పట్టుకుని అతను మెల్లమెల్లగా చౌకి మీదికి దిగేదాకా ఆగి, తను మూడోదాని ముందు కూర్చుంది.

మగ్దలీనమ్మ కళ్లు మూసి ప్రార్థనకని పెదవులు కదిపింది. ఎవరూ ఆమేన్ అనలేదు.

పోలయ్య ముద్ద తీసుకున్నాడు. మెడ వంచలేడు గనక చేయే పైకి నోటిదాకా పోయింది. పిల్ల నాయన వైపు చూడకుండా నీళ్ల చెంబు అతని పక్కకు జరిపింది. మగ్దలీనమ్మ తన తట్టలోని పచ్చడి కొంచెం తీసి తమ్ముడి తట్టలో వేసింది. అతను వద్దనలేదు.

ముగ్గురూ తిన్నారు.