శ్రీ కృష్ణ బిలం

నేను ఒక నల్ల గాజు గోళీని అంటే మీరు నవ్వుతారు గానీ, ఒక పూటంతా ఒక గెలాక్సీని ఏలినదాన్నండీ బాబూ! కొలిమిలో కరిగి, పిల్లల జేబుల్లో పొర్లి, క్లాసులో దొర్లినందుకు సైన్సు టీచరు గౌరీశ్వరికి దొరికిపోయాను. ఆవిడ నన్ను తూచి, "అయిదు గ్రాములు! నువ్వే నా కృష్ణబిలానివి, బ్లాక్ హోల్‌వి" అంది.

గెలాక్సీ నడిమధ్య నక్షత్రాల ముద్ద ఉంటుందిట. దాని బరువులో ఇంచుమించు వెయ్యో వంతు కృష్ణబిలానిదిట. ముద్ద ఎంత పెద్దదైతే బిలమూ అంత. అందుకని అయిదు కిలోల మరమరాలు రాశిపోసి నన్ను మధ్యలో కూర్చోబెట్టింది. తొమ్మిదేళ్ళుగా జిల్లా సైన్స్ ఫెయిర్ దాటలేదు పాపం. ఈసారీ రాష్ట్రస్థాయికి ఎంపిక కాకపోతే ఇంక పాల్గొననని ఒట్టు పెట్టుకుంది.

బోర్డు రాసింది పెయింటర్ సింహాద్రి. పంచరు షాపుకైనా "శ్రీ" లేనిదే అతని కుంచె కదలదు. "శ్రీ కృష్ణ బిలం" అని రాసేశాడు!

ఇంకేముంది? ఫెయిర్ రోజున ఒక ముసలమ్మ ఆ బోర్డు చూసి, చెప్పులు విడిచి, "కృష్ణుడి గుహంట!" అని చుట్టూ తిరిగి, గుప్పెడు మరమరాలు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. వెనకాల క్యూ కట్టారు.

"అమ్మా, అవి నక్షత్రాలమ్మా, తినకండి!" అని టీచరు మొత్తుకుంది.

"అయితే నా మనవరాలికీ కాసిని పెట్టు తల్లీ, దానిది మూలా నక్షత్రం!"

జడ్జిగారొచ్చేసరికి ముప్పై గ్రాములు మిగిలాయేమో. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

"ఇదేమిటండీ టీచరుగారూ, ఇంత బుల్లి గెలాక్సీకి అంత బిలమా?"

టీచరు వెంటనే అందుకుంది. "ఒకప్పుడు పెద్దదేనండీ. పక్కనుంచి పోయే గెలాక్సీలు నక్షత్రాలన్నీ లాక్కుపోయాయి. బిలం మాత్రం పాత బరువుతోనే ఉండిపోయింది. ఆకాశంలో అలాంటివి నిజంగానే ఉన్నాయి." నములుతున్న జనాన్ని చూపించి, "అవిగోనండీ ఆ గెలాక్సీలు" అంది.

జడ్జిగారు పడీపడీ నవ్వి, "ఎంపిక" అని రాసి, "అక్కడా అచ్చం ఇలాగే చూపించాలి సుమా!" అన్నారు. టీచరు ఆనందం పట్టలేక ఏడ్చేసింది. నాకూ గుండె నిండిపోయింది.

కానీ అక్కడి జనం తింటారో తినరో అని ఆవిడకిప్పుడు కొత్త బెంగ. ఈ వారమంతా గెలాక్సీకి పోపు పెట్టి, ఉప్పు సరిపోయిందో లేదో ఇంటిల్లిపాదికీ రుచి చూపిస్తోంది.