ఎకో రిపోర్టు ఊరేగింపు

గుండె పరీక్షల గురించి చోడవరంలో నా అంత తెలిసినవాడు ఇంకొకడు లేడని నెలన్నరపాటు గట్టిగా నమ్మాను. ఊళ్లో మరికొందరు కూడా నమ్మారు. వాళ్ల తప్పేం లేదు, నేను చెప్పే తీరు అలాంటిది.

చక్కెర ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్లు ఫీల్డ్‌మేన్‌గా చేసి రిటైరయ్యాను. రైతుల పొలాలకు వెళ్లి చెరకు పక్వానికి వచ్చిందో లేదో చూసి, నరకడానికి ఆర్డరు రాయడం నా ఉద్యోగం. రిటైరయ్యాక నా మాట వినేవాళ్లు కరువైపోయారు. ఇంట్లో నా భార్య గంగాభవాని ఎప్పుడూ వినలేదు కాబట్టి ఆవిణ్ని లెక్కలోకి తీసుకోను. అలాంటి రోజుల్లో దేవుడు కరుణించి నాకు గుండెనొప్పి ఇచ్చాడు.

బస్‌స్టాండు నుంచి ఇంటికి నడుస్తుంటే రొమ్ము మధ్య బరువు పెట్టినట్టుండేది. ఆగితే పోయేది. అనకాపల్లిలో డాక్టరుకు చూపించుకుంటే ఈసీజీ తీశారు, బాగుంది. ఎకో తీశారు, అదీ బాగుంది. అయినా ఆయన ఊరుకోలేదు. "నడిస్తే వచ్చే నొప్పిని వదిలెయ్యకూడదు. విశాఖపట్నంలో సీటీ యాంజియో చేయించుకోండి, రక్తనాళాల్లో అడ్డముంటే అందులో తెలుస్తుంది" అని చీటీ రాశాడు.

ఆ చీటీని మడిచి పంచాంగంలో దాచాను. ఎకో రిపోర్టును మాత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఊరంతా ఊరేగించాను. ఇంట్లో "అన్నీ బాగున్నాయన్నారు" అని చెప్పాను. ఎందుకలా చేశానంటే భయం. ఆ సీటీలో ఏం బయటపడుతుందోనని.

భయం ఉన్నవాడు రెండు రకాలుగా బతకొచ్చు. నోరు మూసుకోవచ్చు, ఉపన్యాసాలివ్వొచ్చు. మొదటిది నాకు చేతకాదు. రోజూ పొద్దున్నే టీ బడ్డీ దగ్గర సభ తీర్చేవాణ్ని.

"ఈసీజీ అంటే గుండెలో కరెంటు సరిగ్గా పారతందా లేదా అని సూడ్డం. ఎకో అంటే మోటారు నీళ్లు తోడతంటే కళ్లతో సూడ్డం. ట్రెడ్‌మిల్లంటే నిన్ను పరిగెట్టించి మళ్లీ ఈసీజీ తియ్యడం. సీటీ అంటే రంగుమందు ఎక్కించి గొట్టాల ఫొటో తియ్యడం. ఎమ్మారై అయితే గుండె కండకి దెబ్బ తగిలిందేమో సూస్తారు."

"అన్నిట్లోకీ ఏది మంచిది బాబూ?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"ఎకో. ఆటిల్లో రేడియేషనూ, మోతా, ఆయాసమూ. దీన్లో ఏటుంది? జిగురు రాస్తారు, సూస్తారు, తుడిసేస్తారు."

నేనిచ్చిన తీర్పుకు అసలు కారణం ఒక్కటే. ఆ పరీక్ష నన్ను మెచ్చుకుంది.

ఒకరోజు రావికమతం నుంచి పరదేశి వచ్చాడు. వెనకటికి నా చేత తిట్లు తిన్న చెరకు రైతు. చెరకు గడకు మొదలు దగ్గర తీపెక్కువ, కొసకు వెళ్లేకొద్దీ చప్పన. పక్వానికి వస్తేనే రెండూ సమానమవుతాయి. ఆర్డరు తొందరగా కావలసినవాళ్లు మొదలు కణుపు రసమే పిండి నా చేతికిచ్చేవారు. పరదేశి కూడా అలాగే ఇస్తే, పదిమందిలో గడ్డి పెట్టి కొస విరిపించి పిండించాను. ఆర్డరు ఇవ్వకుండా వచ్చేశాను.

ఇప్పుడతను టీ తాగుతూ నా ఉపన్యాసమంతా శ్రద్ధగా విన్నాడు. గ్లాసు కింద పెట్టి, "డాక్టరు బాబు ఇంకేటీ రాయలేదా?" అన్నాడు.

"రాసేడనుకో. సీటీ. ఎకో బాగున్నాక అదెందుకని…"

"ఏటి బాబూ, తవరూ మొదలే సూపిస్తన్నారు" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. ఎగతాళి చేస్తే తిరిగి తిట్టేవాణ్ని. జాలిగా అన్నాడు.

రిపోర్టు కవరు చంకలో పెట్టుకుని లేచాను. ఇంటికి నడిచాను. దారిలో రెండుసార్లు ఆగాను.

గంగాభవాని కత్తిపీట ముందు వంకాయలు తరుగుతోంది.

"నడుస్తంటే నొప్పొస్తంది. డాక్టరు ఇంకో పరీచ్చ రాసేడు. నేను దాసేను" అన్నాను.

"ఎందుకు దాసేరు?"

"భయమేసింది."

ఆవిడ కత్తిపీట మడిచి పక్కన పెట్టింది. "రేపు మొదటి బస్సుకే ఎల్దాం" అంది, అంతే.

విశాఖపట్నంలో ఆ పరీక్షకు గుండె నెమ్మదిగా కొట్టుకోవాలట, లేకపోతే ఫొటో చెదిరిపోతుందట. నాది నిమిషానికి తొంభై ఆరు. మాత్ర ఇచ్చి కూర్చోబెట్టారు. ఊరికే కూర్చోవడమెందుకని పక్కనున్న పెద్దమనిషికి ఎకోకీ సీటీకీ తేడా చెప్పడం మొదలుపెట్టాను. నర్సమ్మ వచ్చి, "సార్, మీరు మాట్లాడుతున్నకొద్దీ పెరుగుతోంది, కాస్త ఊరుకోండి" అంది. గంటన్నర మౌనం. ఇన్ని పరీక్షల్లో నాకు కష్టమైంది అదే. చివరికి సీటీ యంత్రం రింగులోకి పంపించి రంగుమందు ఎక్కించారు. ఒళ్లంతా వేడి పాకింది. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాను. క్షణాల్లో అయిపోయింది. దీనికోసమా నెలన్నర దాక్కున్నానని సిగ్గేసింది.

సాయంత్రం అక్కడి డాక్టరు కంప్యూటరు మా వైపు తిప్పాడు. గుండె మీదుగా దిగే పెద్ద రక్తనాళం ఒకచోట బాగా సన్నబడి ఉంది. చదువు లేకపోయినా కనిపిస్తుంది.

"ఎకో అబద్ధం చెప్పలేదండీ. అది గుండె కండ పనితీరు చూపించింది. దానికి రక్తం తెచ్చే దారి ఇది. రేపు యాంజియోగ్రాం చేసి, అక్కడే స్టెంటు వేసేద్దాం. డౌట్లేమైనా ఉంటే అడగండి."

ఊళ్లో అందరి డౌట్లూ తీర్చినవాణ్ని. ఒక్కటే అడిగాను.

"బతుకుతానా డాక్టరు గారూ?"

"బతుకుతారు. టైముకే వచ్చారు. ఇంకొన్నాళ్లు ఆగి వస్తే ఏం చెప్పేవాణ్నో నాకే తెలీదు."

గంగాభవాని అప్పటిదాకా ఉగ్గబట్టుకున్న ఏడుపు కొంగులోకి ఏడ్చేసింది. నేనేదో అనబోయాను.

"ఊరుకోండి. మీరెల్లిపోతే నేనెవరితో దెబ్బలాడాలనుకున్నారు?" అంది.

ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.