రెక్క విప్పిన పాలపిట్ట

రీఫిల్ అయిపోయిన పెన్నుతో రాజేశం గీత మీద గీత ఒత్తుతున్నాడు. సిరా లేని మొనతో ఒత్తితే కాగితం ఒత్తిన చోటే మడత పడుతుంది. ప్రింటు తీసిన ఈకల్ని కత్తిరించి, అంచుల్లో తెలుపు కనబడకుండా నీలం స్కెచ్ పెన్ను తిప్పి, అగ్గిపుల్ల కొసతో ఫెవికాల్ రాసి, కాగితం పిట్ట ఒంటికి తోక వైపు నుంచి మీదికి పెంకుల వరసలా అంటిస్తూ వస్తున్నాడు.

అశోక్‌నగర్ సందులో అతను పనిచేసే జిరాక్స్ దుకాణం షట్టర్ సగమే లేచి ఉంది. దసరా. మెషీనుకు బొట్టు పెట్టి బంతిపూల దండ వేయడం పొద్దున్నే అయిపోయింది. ఆ మెషీను పక్కన నిలబడే అతని జుట్టు నెరిసింది. అతను కాపీలు తీసిచ్చిన నోట్సు చదివి కొలువులు కొట్టినవాళ్లు మళ్లీ ఈ సందుకు రాలేదు. అతనూ ఎదురుచూడలేదు.

కుడి రెక్క పెట్టి చూస్తే పొట్టిగా ఉంది. రెండో షీటు తీసేటప్పుడు, కంప్యూటర్లో కాగితానికి సరిపడా కుదించమనే టిక్కు తీసేయడం మరిచాడు. మళ్లీ తీద్దామంటే నీలం ఇంకు లేదు. తనను తాను తిట్టుకుని, రెక్కను కాస్త ముందుకు జరిపి అంటించాడు. పిట్ట ఒక పక్కకు ఒరిగి, గాలిలో మలుపు తీసుకుంటున్నట్టు తేలింది.

"ఏందన్నా, పొద్దటి సంది కాయితాలు కోస్తున్నవ్?" యజమాని ఫణీంద్ర కొత్త చొక్కాలో వచ్చాడు.

"పాలపిట్ట."

"దసరానాడు సూసి మొక్కేటందుకు అసలుదే వస్తది సాయంత్రం. పిట్టను బోన్ల తెచ్చి సూపెట్టే బోనాయనకు ఫోన్ కొట్టిన. పోయినేడు ఎంతమంది జమైన్రు మన దుకాణం ముంగట!"

పోయినేడు. జనం వెళ్లాక ఆ పిట్ట బోను అడుగున చచ్చిపడి ఉంది. రెక్కలు దారంతో కట్టి, ఈకలకు బంక పూశారు. దాన్ని గోడ పక్కన మట్టిలో పెట్టింది రాజేశమే. చిన్నప్పుడు ఊళ్లో మెట్ట చెలకలో అతను చూసిన పిట్ట వేరు. కూర్చుంటే మట్టిరంగు. లేచిందంటే కళ్లు చెదిరే నీలం. ఎగరలేని దాన్ని చూసి మొక్కడమేమిటని పోయినేడే అనుకున్నాడు. పైకి అనలేదు.

ఈసారి అన్నాడు. "బోను ఈడ పెట్టొద్దు సార్."

"దుకాణం నాదా, నీదా?"

"మీదే. మెట్ల కాడ నేనుంట గద. పెట్టనియ్య."

ఫణీంద్ర నవ్వాడు. "నీ కాయితం పిట్టకు మొక్కుతరా జనం?"

"మొక్కకుంటే మానె."

స్టూలెక్కి, బోర్డు నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వకు సన్న తీగతో పిట్టను వేలాడదీశాడు. ఎదురు హాస్టల్లో వంట చేసే రామక్క జమ్మి ఆకు పట్టుకుని వచ్చి తలెత్తింది.

"ఓ రాజేశం, నిజమైందా?"

"కాయితంది అక్కా."

"అయితేంది? దీని రెక్కలెవడు కట్టలే. రెట్ట గూడ ఎయ్యది." చెప్పులు విడిచి దండం పెట్టింది.

సాయంత్రం బోనాయన సైకిల్ మీద వచ్చాడు. రాజేశం మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. ఆయన బోను మీది గుడ్డ తీస్తే మళ్లీ కప్పాడు. ఇంకోసారి తీస్తే ఇంకోసారి కప్పాడు.

"ఏంది సేటూ ఈ లొల్లి? పిలిచింది మీరే గద!"

"రాజేశం, జరుగు," అన్నాడు ఫణీంద్ర. 'అన్నా' అనడం మానేశాడు. "లేకుంటే రేపట్నుంచి రాకు."

"రేపటిదాకెందుకు సార్? ఈ బోను పోయినంక నేనూ పోత."

జనం మూగారు. "నీ చేతులు కట్టి బోన్ల కూసోబెడితే ఎట్లుంటదయ్యా?" అని రామక్క బోనాయనను నిలదీసింది. ఎవరో పకపకా నవ్వారు. ఆయన గొణుక్కుంటూ సైకిల్ తిప్పాడు. ఆ పిట్టను నారాయణగూడలోనో ఇంకెక్కడో చూపిస్తాడని రాజేశానికి తెలుసు. ఈ మెట్ల మీద మాత్రం కాదు.

సైకిల్ కనుమరుగయ్యాక రాజేశం దుకాణం తాళంచెవి మెషీను మీద పెట్టాడు. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని చిక్కడపల్లి వైపు నడిచాడు. ఫణీంద్ర పిలవబోయాడు. ఇంతమంది ముందు బతిమాలడమా అని ఆగిపోయాడు. పిట్టనైనా పీకేద్దామని స్టూలెక్కాడు. కింద ముసలాయన ఒకడు మనవరాలిని భుజాల మీదికెత్తి, "అగో, సూడు, మొక్కు" అంటున్నాడు. ఫణీంద్ర స్టూలు దిగాడు.

షట్టర్ పడింది. బోర్డు పక్కన, ఇనుప చువ్వకు, నీలం రెక్కలు బార్లా చాచి, కాగితం పిట్ట గాలి ఎటు కొడితే అటు తిరుగుతోంది.