వదిన మూతి తిప్పితే

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే. ఇంటి ముందుగదిలోనే ఆమె సెలూన్. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లాడటానికి మూల బల్ల మీద అత్తగారు.

ఒకనాడు అత్తగారు టీ గ్లాసు కింద పెడుతూ, "రేపట్నుంచి తీపి ముట్టను, ఒట్టు!" అని ప్రకటించింది. వదిన కత్తెర ఆపకుండానే ఒక కనుబొమ్మ పైకెత్తి, మూతి అష్టవంకర్లు తిప్పి, "ఆహా! అలాగా!" అంది. పక్కనే ఉన్న మరిది దాన్ని ఫోన్లో పట్టేశాడు. సరదాకి పెట్టిన ఆ వీడియో చూస్తుండగానే ఊరంతా పాకింది. రేపట్నుంచి తెల్లారకముందే లేస్తానన్న ప్రతివాడికీ స్నేహితులు వదిన మూతినే పంపసాగారు. "ఆ మూతి తిప్పింది నా మీదే" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేది.

ఇంతలో వార్డు ఎన్నికలొచ్చాయి. ఉన్న కౌన్సిలర్ని అందరూ కళ్ళజోడాయన అంటారు. ఆయన మీద నిలబడ్డవాడు మీసాలాయన. కళ్ళజోడాయన "అన్నీ చేసేశాం" అంటున్న బొమ్మ పక్కన వదిన మూతిని అతికించి మీసాలాయన మనుషులు ఫోన్లలోకి వదిలారు. అవతలివాళ్ళు ఊరుకుంటారా? "నేనొస్తే అంతా మారుస్తా" అనే మీసాలాయన పక్కన అదే వదిన, అదే "ఆహా! అలాగా!"

మొదట వదినకి నవ్వొచ్చింది. కానీ ఎన్నో ఏళ్ళుగా ఆమె దగ్గరే జుట్టు కత్తిరించుకునే పంతులమ్మ గుమ్మంలోనే ఆగి, "నువ్వు ఆ మీసాలాయన మనిషివని తెలీదమ్మా" అని వెనుదిరిగింది. వదిన మనసు చివుక్కుమంది. ఆ మర్నాడే ఇంకొకాయన వచ్చి, కళ్ళజోడాయనకి ప్రచారం చేస్తున్నావంటూ నిష్ఠూరమాడాడు.

"మూతి నాది, మాట వాళ్ళది! ఇదెక్కడి గోలరా?" అని మరిదిని నిలదీసింది.

"చెయ్యి దాటిపోయింది వదినా. ఇప్పుడేం చేస్తాం?"

"చేస్తా చూడు. ఫోన్ తియ్యి."

ఈసారి నేరుగా కెమెరాలోకి చూసి చెప్పింది: "అయ్యా, ఇద్దరికీ నా మూతి అంత నచ్చితే మా సెలూన్‌కి రండి. చెప్పేదేదో నా ముందే చెప్పండి. తిప్పాలో వద్దో నేనే చూసుకుంటా."

రాకపోతే పరువు పోతుందని ఇద్దరూ వచ్చారు. వీధి వీధంతా కిటికీలకి అతుక్కుంది. పంతులమ్మ కూడా వచ్చి నిలబడింది. ఇద్దరికీ మెడ చుట్టూ గుడ్డలు కట్టి, జుట్టు తీసే మిషన్ చేత పట్టి, మీసాలాయన తల మీద మొదలుపెడుతూ వదిన అడిగింది: "మన బస్టాపుకి కప్పెప్పుడు?"

"గెలిచిన వెంటనే!" అన్నాడు మీసాలాయన.

"నేనైతే అంతకంటే ముందే!" అన్నాడు కళ్ళజోడాయన.

వదిన పళ్ళు బిగబట్టి మొహం కదలకుండా నిలబడింది. అద్దంలో చూస్తే, వెనక బల్ల మీద అత్తగారు మూతి తిప్పేసి ఉంది, కోడల్ని మించి! వదిన పగలబడి నవ్వింది. చేతిలో మిషన్ జుర్రున మీసాలాయన నుదుటి నుంచి నడినెత్తి దాకా బాట వేసేసింది.

వదిన గబుక్కున మిషన్ ఆపేసింది. "అయ్యో, అన్నయ్యగారూ..."

మీసాలాయన అద్దంలో చూసుకున్నాడు. పక్క కుర్చీలో కళ్ళజోడాయన భుజాలు కుదుపుకుంటూ నవ్వు ఆపుకుంటున్నాడు. అది చూసి మీసాలాయనకీ నవ్వు తన్నుకొచ్చింది.

"రోడ్డు వెయ్యడమంటే ఇదమ్మా! మొత్తం తీసెయ్. ఏమండోయ్ కౌన్సిలర్ గారూ, నవ్వడమేనా, మీరూ దిగుతారా?"

"దిగాలి! దిగాలి!" అని కిటికీల్లోంచి కేకలు. కళ్ళజోడాయన కళ్ళజోడు తీసి మరిది చేతికిచ్చి, తల వంచాడు.

రెండు నున్నటి గుండ్లు పక్కపక్కన మెరుస్తున్న ఫోటో సాయంత్రానికి ఊరి ఫోన్లన్నిటికీ చేరింది. దాన్ని తమ వైపు తిప్పుకోవాలని ఇరుపక్షాలూ తెగ ప్రయత్నించాయి గానీ కుదిరితేనా! ఒకర్ని వెక్కిరిస్తే ఇద్దరికీ తగిలేది. ఎన్నికల్లో మీసాలాయన కొద్ది ఓట్ల తేడాతో గెలిచాడు. బస్టాపుకి కప్పు పడ్డ రోజున ఓడినాయన కూడా వచ్చి చప్పట్లు కొట్టాడు. ఇద్దరికీ జుట్టు అప్పుడప్పుడే మొలుస్తోంది.

ఆ కప్పు కింద పంతులమ్మ వదిన భుజం తట్టి అంది: "ఇన్నేళ్ళూ వాళ్ళు మనకి గుండు కొట్టడమే చూశానమ్మా. వాళ్ళు కొట్టించుకోగా చూడటం ఇదే మొదటిసారి!"